గన్‌మెటల్‌లో ఎం 1.6 ట్యాపులు విరిగిపోతున్నాయి, లోపల ఇరుక్కున్న ముక్క తీసేదెలా?

దేశబంధు32
1:32లో, అంటే అసలుకి ముప్పై రెండో వంతు సైజులో, డబ్ల్యూజీ రైలింజను కడుతున్నా, లైవ్ స్టీమ్, నిజం ఆవిరితోనే నడుస్తుంది. ఫ్రేములు, చక్రాలు, వాల్వ్ గేర్ సగం అయ్యాయి, సిలిండర్ల దగ్గర ఆగిపోయా. కవర్‌కి చుట్టూ ఆరు ఎం 1.6 (1.6 మిల్లీమీటర్ల డయా) స్క్రూలు. ముందూ వెనకా కలిపి సిలిండర్‌కి 12, రెండు సిలిండర్లకి 24 హోల్స్. హోల్లో త్రెడ్ కోసే ట్యాప్ సగం దిగేవరకు బానే ఉంటుంది, తర్వాత పట్టేస్తుంది, వెనక్కి తిప్పుదాం అనుకునేలోపే టిక్‌మంటుంది. ఇప్పుడు విరిగింది హోల్లోనే ఉండిపోయింది, పట్టుకుందామన్నా పైకి కొస లేదు. బ్లాకు గన్‌మెటల్ (కంచు రకం), సిలిండర్ లోపలి బోర్ కూడా ఫినిష్ అయిపోయింది, పారేసి మళ్ళీ మొదలెట్టే ఓపిక లేదు. ఈమధ్య మార్కెట్లోకి వస్తున్న ట్యాపులే బాలేవని నా అనుమానం. మంచివి ఎక్కడ దొరుకుతాయో చెప్పండి, లోపలిది తీసే దారుంటే అదీ చెప్పండి.

రాణీగంజ్_రాజు
అగ్గువకు దొరికే కార్బన్ స్టీల్ సెట్లు తీస్కుంటే గట్లనే అయితదన్నా. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్), గ్రౌండ్ త్రెడ్ అని రాసి ఉన్నది తీస్కో. పైసలు ఎక్కువనే, కానీ ఒక్క బ్లాకు ఖరాబైతే నీకు ఎన్ని ఆదివారాలు పోతయో లెక్క వేస్కో.

లేత్_లక్ష్మణ్
రాజు గారూ, ఒప్పుకోను. ఇత్తడికి, గన్‌మెటల్‌కి కార్బన్ స్టీల్ ట్యాప్ చాలు, మా వర్క్‌షాప్‌లో పాతవాళ్ళు దాంతోనే కొట్టేవాళ్ళు. పైగా అది లోపల విరిగితే ఎర్రగా కాల్చి నిదానంగా చల్లారనిస్తే మెత్తబడుతుంది, డ్రిల్ చేసి తీసేయొచ్చు. హెచ్‌ఎస్‌ఎస్ ఇంట్లో అలా మెత్తబడదు.

రాణీగంజ్_రాజు
ఫినిష్ అయిన బ్లాకును ఎర్రగ కాలుస్తే బోర్ గుండ్రంగ ఉంటదా అన్నా?

లేత్_లక్ష్మణ్
ఈ బ్లాకుకి చెయ్యమని ఎక్కడన్నా?

పాత_ఫిట్టర్
ట్యాప్ కంపెనీ సంగతి తర్వాత. హోల్ ఏ బిట్‌తో వేశావు? ట్యాప్ షాంకు (పట్టుకునే కాడ) మీద రింగులా గీత ఏమన్నా ఉందా? దేంతో తిప్పావు? ఇవి చెప్పు ముందు.

దేశబంధు32
1.2 బిట్ మాస్టారూ. చార్టులో 1.25 అనే ఉంది, షాపతను ఆ సైజు లేదు, 0.05కి ఏమైపోతుంది తీసుకెళ్ళండి అన్నాడు. ట్యాప్ విడిగా కొన్నా, సెట్ కాదు. గీతలేం లేవు. హ్యాండిల్ మామూలుదే, ఎం 3 నుంచి ఎం 10 దాకా పట్టేది, దవడలు పూర్తిగా దగ్గరకి లాక్కొని బిగించా.

హెచ్‌ఓ_హరి
0.05కి ఏమైపోతుంది 😂 షాపతని బోర్డు మీద రాయించాలి

పాత_ఫిట్టర్
నవ్వకు హరీ, ఐటీఐ నుంచి వచ్చే కుర్రాళ్ళు కూడా ఇదే మాటంటారు. ఎం 10కి బిట్ 0.05 తేడా వస్తే ఎవరికీ తెలియదు. ఎం 1.6కి పిచ్, అంటే చుట్టుకీ చుట్టుకీ దూరం, 0.35 మాత్రమే, అందులో 0.05 అంటే ఏడో వంతు. లెక్క చూడండి, డయాలోంచి బిట్ సైజు తీసేసి పిచ్‌తో భాగించి 77తో గుణిస్తే త్రెడ్ ఎంత శాతం నిండుతుందో వస్తుంది. 1.25 బిట్‌కి 77 శాతం. 1.2కి 88. ఆ పదకొండు శాతం త్రెడ్‌కి బలం ఇచ్చేది ఏమంత ఉండదు, ట్యాప్ మీద పడే తిప్పుడు బలం మాత్రం బాగా పెరుగుతుంది. నన్నడిగితే ఈ సైజుల్లో 1.25 కూడా వద్దు, 1.3 వెయ్యి, 66 శాతం వస్తుంది. ఎం 2కి చార్టులో 1.6 ఉంటుంది, నేను 1.65 వాడతా.

ఇక ట్యాప్. డిన్ 352 (జర్మన్ స్టాండర్డు) సెట్ అయితే మూడుంటాయి, ఒక గీతది ఫస్ట్, రెండు గీతలది సెకండ్, గీత లేనిది ఫినిష్. ఆ సెట్లో ఫస్టూ సెకండూ ఫుల్ సైజు ఉండవు, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం కోసుకుంటూ పోవాలి. నీకు షాపులో ఇచ్చింది ఎవరిదో సెట్ విడగొట్టిన ఫినిష్ ట్యాప్ అయ్యుంటుంది. దాని మూతి దగ్గర ఏటవాలు రెండు మూడు పళ్ళకి మించి ఉండదు, ఆ కొద్ది పళ్ళే మొత్తం లోతు కోయాలి. టైటు హోల్లోకి దాన్ని దింపావు, పైన ఎం 10 హ్యాండిల్. ఏ కంపెనీది ఐనా విరుగుతుంది.

లేత్_లక్ష్మణ్
గీత లేనంత మాత్రాన ఫినిష్ ట్యాప్ అని చెప్పలేం మాస్టారూ. ఐఎస్‌ఓ 529 స్టాండర్డు ట్యాపులకి మూడింటికీ ఫుల్ సైజే, మూతి ఏటవాలు మాత్రమే తేడా. అందులో టేపర్ ట్యాప్ ఒక్కటి వేసినా అటూ ఇటూ తెరుచుకున్న హోల్‌కి సరిపోతుంది. లూపు (భూతద్దం) పెట్టి మూతి చూస్తే తెలిసిపోతుంది.

పాత_ఫిట్టర్
కరెక్టే. దేశబంధూ, మూతి ఫొటో పెట్టు.

దేశబంధు32
ఫొటో పెట్టడానికి మూతి బ్లాకు లోపల ఉంది మాస్టారూ.

హెచ్‌ఓ_హరి
😂😂

దేశబంధు32
ఇంకోటి ఉంది, అదే షాపుది, చూశా. ఏటవాలు దాదాపు లేదు, రెండో పన్ను నుంచే ఫుల్. ఫినిష్ ట్యాపే.

గేజ్‌వన్_గోపి
అసలు అంత త్రెడ్ ఎందుకో ఎవరూ అడగలేదు. నీ బోర్ ఎంత?

దేశబంధు32
అసలు ఇంజనుకి దాదాపు 22 అంగుళాలు, స్కేల్‌కి 17 మిల్లీమీటర్లు రావాలి. బాయిలర్ అంత ఆవిరి ఇవ్వదని 14 పెట్టా. ప్రెషర్ 4 బార్.

గేజ్‌వన్_గోపి
14 బోర్ ఏరియా సుమారు 154 చదరపు మిల్లీమీటర్లు, 4 బార్ దగ్గర కవర్ మీద పడే తోపు 62 న్యూటన్లు, అంటే ఆరు కిలోల చిల్లర. ఆరు స్క్రూలకి పంచితే తలా ఒక కిలో. గాస్కెట్ నొక్కి పట్టడానికి ఇంకొంత కలుపుకో. మంచి ఎం 1.6 స్టీల్ స్క్రూ ఒక్కటే ఆ ఆరు కిలోలూ మోస్తుంది, ఊరికే కాదు, బోలెడు మిగులు ఉంచుకుని. నీకు 60 శాతం త్రెడ్ ఎక్కువే. లోతు కూడా 3 మిల్లీమీటర్లు చాలు, రెండు డయాల కంటే లోతుగా పోతే ట్యాప్‌కి రిస్కు పెరుగుతుందే గానీ స్క్రూ పట్టు పెరగదు. హోల్ మాత్రం 5 దాకా వెయ్యి, రజను పడటానికి కింద ఖాళీ ఉండాలి. మూసి ఉన్న హోల్లో ట్యాప్ విరిగేది చాలాసార్లు అడుగున రజను మీద కూర్చునే.

రివెట్_లెక్కలు
తోపు లెక్క బాగుంది గానీ గోపీ గారూ, ఎం 1.6 నట్టు ఫ్లాటు నుంచి ఫ్లాటుకి 3.2. ముప్పై రెండుతో గుణించండి, 102 మిల్లీమీటర్లు. అసలు సిలిండర్ కవర్ మీద అరచేతి వెడల్పు నట్లు ఎక్కడైనా చూశారా? స్కేల్ కావాలంటే 14 బీఏ (పాత బ్రిటిష్ త్రెడ్ సైజు), 1 మిల్లీమీటర్ డయా. మీ లెక్క ప్రకారమే అదీ సరిపోతుంది కదా.

గేజ్‌వన్_గోపి
సరిపోతుంది. ట్యాప్ కొట్టేది మీరైతే ఇంకా బాగా సరిపోతుంది.

రివెట్_లెక్కలు
అందుకే మధ్యే మార్గం చెప్తున్నా, త్రెడ్ ఎం 1.6 ఉంచి తలకాయ చిన్నదిగా లేత్ మీద చేసుకోండి, 2 లేదా 2.2 ఫ్లాట్ ఉన్న హెక్స్ రాడ్ నుంచి. విదేశాల్లో మోడల్ షాపులు ఒక సైజు చిన్న తలతో బోల్టులు ప్రత్యేకంగా అమ్ముతాయి.

గడియారం_సుబ్బు
అందరూ బోల్టు తల కొలుస్తున్నారు, పాపం ఆయన ట్యాప్ ఇంకా లోపలే ఉంది.

పటికతో తీసేయండి. నిజంగానే. నాన్నగారిది వాచీ రిపేరు షాపు, ఇత్తడి ప్లేటులో ఉక్కు స్క్రూ విరిగితే పటిక నీళ్ళలో వేసి పక్కన పెట్టేవారు. కిరాణా కొట్లో దొరికేదే. గాజు గిన్నెలో వేడినీళ్ళు పోసి ఇక కరగదు అనేవరకు పటిక పొడి కలపండి, బ్లాకు అందులో ముంచి, మరగకుండా బాగా వేడిగా ఉండేలా సన్నటి సెగ మీద ఉంచండి. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళు పోస్తుండాలి. ఉక్కు మీద నుంచి సన్నటి బుడగలు లేస్తుంటే పని జరుగుతున్నట్టు. పటిక నీళ్ళు కొంచెం ఆమ్లంగా ఉంటాయి, ఇనుము కరుగుతుంది, రాగి, ఇత్తడి, గన్‌మెటల్‌ని దాదాపు ఏమీ చేయదు. హోల్ నోరు పైకి ఉండాలి, లేకపోతే బుడగలు లోపలే ఇరుక్కుని నీళ్ళు ఉక్కుకి తగలవు.

రాణీగంజ్_రాజు
ఏంది సుబ్బన్నా, వాట్సాప్‌ల వచ్చిందా ఇది? మా ఇంట్ల దిష్టి తగలొద్దని గుమ్మానికి కట్టిండ్రు పటిక. ఇంజనుకు గిట్ల దిష్టి తగిలినట్టుంది.

గడియారం_సుబ్బు
కట్టింది కాదు, కొత్తది తెచ్చుకోండి 😄 వాచీ పనివాళ్ళలో ఇది చాలా పాత పద్ధతి, ఏ దేశంలో అడిగినా చెప్తారు.

లేత్_లక్ష్మణ్
స్క్రూ అంటే మామూలు కార్బన్ స్టీల్. హెచ్‌ఎస్‌ఎస్‌లో టంగ్‌స్టన్, మాలిబ్డినం, క్రోమియం ఉంటాయి, అది కరుగుతుందా?

గడియారం_సుబ్బు
నిదానంగా కరుగుతుంది. కార్బన్ స్టీల్‌కి గంటలైతే దీనికి రోజులు. మధ్యమధ్యలో తీసి చూస్తే నల్లటి బురద కనబడుతుంది, దాన్ని సూదితో గీకేసి మళ్ళీ ముంచాలి. మొత్తం కరిగేదాకా ఆగక్కర్లేదు, పళ్ళు కొంచెం తగ్గితే వదులై ఊడొస్తుంది.

పాత_ఫిట్టర్
సుబ్బు గారు చెప్పింది నిజమే, నేనూ చూశా. ఒక జాగ్రత్త. బ్లాకులో ఉన్న ఉక్కు అంటే అది ట్యాపో డోవెల్ పిన్నో పటికకి తెలియదు. స్టడ్లు, పిన్నులు, పిస్టన్ రాడ్డు అన్నీ తీసి ముంచాలి. పోత ఇనుము సిలిండర్ అయితే ఈ పద్ధతి ఆలోచించను కూడా ఆలోచించొద్దు.

సైకిల్_చైన్
అల్యూమినియం బ్లాకుకి? నాది ఆర్‌సీ ఇంజన్ మౌంటు, ఎం 2 ముక్క ఇరుక్కుంది.

గడియారం_సుబ్బు
చేసేవాళ్ళున్నారు, పైన మెరుపు కాస్త పోవచ్చు. అదే అల్యూమినియం తుక్కు ముక్క ఒకటి ముందు వేసి చూసుకోండి.

బాలానగర్_స్పార్క్
డబ్బులు పెడితే పటికా వద్దు ఏమీ వద్దు, స్పార్క్ ఎరోజన్‌కి (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే పద్ధతి) ఇవ్వండి. బాలానగర్లో టూల్ రూములు బోలెడు. రాగి ఎలక్ట్రోడ్ సన్నటిది పెట్టి ట్యాప్ మధ్యలో కాల్చేస్తారు, మిగిలిన పళ్ళు విడిపోయి వచ్చేస్తాయి, త్రెడ్ కూడా పోదు. ఉక్కు, పోత ఇనుము దేనికైనా పనిచేస్తుంది. ఒక్క హోల్ అంటే చిరాకు పడతారు గానీ బొమ్మ ఇంజను చూపిస్తే చాలామంది ఇష్టంగా చేస్తారు, నేనైతే చేస్తా.

దేశబంధు32
విజయవాడ నుంచి బాలానగర్ రావడం కంటే కిరాణా కొట్టు దగ్గర. ముందు పటిక చూస్తా.

బాలానగర్_స్పార్క్
ఆటోనగర్లో కూడా అడిగి చూడండి ఒకసారి.

హెచ్‌ఓ_హరి
ఈ చర్చలోనే నాదీ ఒకటి అడిగేస్తా. 0.8 ఇత్తడి రేకుకి ట్యాప్ కొట్టాలి, వ్యాగన్ కింద బోగీ తగిలించే స్క్రూకి. ఎం 2 కొడితే స్క్రూ ఊరికే తిరిగిపోతోంది.

లేత్_లక్ష్మణ్
ఎం 2 పిచ్ 0.4, 0.8 రేకులో రెండే చుట్లు. కనీసం మూడు ఉండాలి. రేకు కింద ఇత్తడి ముక్క టంకం పెట్టి రెండూ కలిపి డ్రిల్ చేసి ట్యాప్ కొట్టు. లేదా నట్టే టంకం పెట్టు, కానీ స్క్రూకి నూనె రాసి ఉంచు, లేకపోతే టంకం పారి స్క్రూ, నట్టు ఒకటైపోతాయి.

పాత_ఫిట్టర్
లేదా సైజు తగ్గించు. ఎం 1.2కి పిచ్ 0.25, అదే రేకులో మూడు చుట్లు వస్తాయి. బోగీ బరువుకి అది చాలు, కానీ ఎం 1.2 ట్యాప్ అంటే ఊపిరి బిగబట్టి తిప్పాలి. నీకు ముక్క టంకమే మేలు.

డాలస్_డీజిల్
హరీ, స్క్రూ ఊరికే తిరుగుతోందంటే అది అసలు ఎం 2 స్క్రూనేనా? ఇక్కడ అమెరికాలో కప్లర్లకి (వ్యాగన్లు తగిలించే కొక్కేలు) వచ్చేవి 2-56, అంగుళాల లెక్క త్రెడ్. డయా 2.18, పిచ్ 0.45. చూడ్డానికి ఎం 2 అన్నలా ఉంటుంది. ఎం 2 హోల్లోకి దాన్ని బలవంతంగా ఎక్కిస్తే ఇత్తడి మెత్తన కదా, రెండు చుట్లు ఎక్కి తర్వాత త్రెడ్ మొత్తం నలిపేస్తుంది. 8 బీఏ ఇంకా మోసం, 2.2 డయా, పిచ్ 0.43, కళ్ళతో చూసి 2-56కీ దీనికీ తేడా పట్టడం నా వల్ల కాదు. డబ్బాలు విడివిడిగా పెట్టుకుంటా.

హెచ్‌ఓ_హరి
కప్లర్ ప్యాకెట్లో వచ్చిన స్క్రూనే అన్నా 🤦 దానికి బిట్ ఎంత?

డాలస్_డీజిల్
50 నంబర్ బిట్, 1.78 మిల్లీమీటర్లు. అక్కడ నంబర్ బిట్లు దొరక్కపోతే 1.8 వెయ్యి, ఇత్తడిలో బానే పడుతుంది.

రాణీగంజ్_రాజు
నూనె సంగతి ఎవ్వరు చెప్తలేరు. నేను కొబ్బరినూనె వేస్త.

లేత్_లక్ష్మణ్
ఇత్తడికి ఏమీ వద్దు, పొడిగానే తెగుతుంది. నూనె వేస్తే పొడి రజను ముద్దలా అయి ట్యాప్ పొడవునా ఉండే గాళ్ళల్లో ఇరుక్కుంటుంది. అల్యూమినియానికి కిరోసిన్. ఉక్కుకి కటింగ్ ఆయిల్.

గేజ్‌వన్_గోపి
ఇత్తడికి అయితే ఓకే. గన్‌మెటల్ వేరే, కొంచెం జిగురుగా పట్టుకుంటుంది, ఒక చుక్క వెయ్యాలి. రాగి అయితే ఇంకా ఘోరం, బాయిలర్ బుష్షులు రాగిలో కాకుండా బ్రాంజులో చేసుకునేది త్రెడ్లు దాంట్లో సరిగ్గా నిలుస్తాయనే.

సైకిల్_చైన్
కిరోసిన్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది లక్ష్మణ్ గారూ, రేషన్లో చూసి ఎన్నాళ్ళైంది. డబ్ల్యూడీ-40 వాడుతున్నా అల్యూమినియానికి, పని నడుస్తోంది.

పాత_ఫిట్టర్
ఆ నూనెల గొడవ పక్కన పెట్టి ట్యాప్ నిలువుగా దింపడం చూసుకోండి. ఇంత సన్న ట్యాప్ కాస్త ఒరిగినా ఒక పక్క పళ్ళే కోస్తాయి, వంగుతుంది, విరుగుతుంది. ఎం 1.6 ట్యాపుకి షాంకు 2.5 ఉంటుంది, త్రెడ్ కంటే లావు. ఒక ఇనుప దిమ్మ తీసుకో, ఇరవై మిల్లీమీటర్ల మందం చాలు, డ్రిల్ మిషన్ మీద నిటారుగా 2.5 హోల్ వెయ్యి, షాంకు అందులో జారేలా. దిమ్మని పనిముక్క మీద హోల్‌కి సూటిగా క్లాంపు చెయ్యి, ట్యాప్ దాంట్లోంచే దిగుతుంది, ఒరగమన్నా ఒరగదు. హ్యాండిల్ బదులు పిన్ వైస్ వాడు, పెన్సిల్ లావు ఉండేది. రెండు వేళ్ళతో తిప్పు. వేళ్ళు జారుతున్నాయంటే ట్యాప్ ఆగమంటోందని అర్థం, వెనక్కి తిప్పి బయటకి తీసి రజను దులిపి మళ్ళీ వెళ్ళు. ఎం 10 హ్యాండిల్‌తో ఆ సంగతి చేతికి తెలిసేలోపు ట్యాప్ రెండు ముక్కలు.

ఇంకోటి, డ్రిల్ వేశాక హోల్ నోటి దగ్గర కౌంటర్‌సింక్ ఒక్క చుట్టు తిప్పు. లేకపోతే మొదటి త్రెడ్ పైకి ఉబ్బి కవర్ సమంగా కూర్చోదు, ఆవిరి కారుతుంటే గాస్కెట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటావు.

గేజ్‌వన్_గోపి
దిమ్మ లేకపోతే డ్రిల్ వేసిన సెట్టింగ్ కదపకుండా చక్‌లో బిట్ తీసి ట్యాప్ పెట్టి, మిషన్ ప్లగ్గు పీకేసి, చక్‌ని చేత్తో తిప్పొచ్చు. ప్లగ్గు పీకడం మర్చిపోవద్దు.

సైకిల్_చైన్
రజను రాకుండా నొక్కి త్రెడ్ చేసే ట్యాపులు ఉంటాయి కదా, ఫార్మింగ్ ట్యాప్ అంటారు. గాళ్ళుండవు కాబట్టి బలంగా ఉంటాయి. అల్యూమినియానికి అవే తెప్పించుకున్నా. బిట్ మాత్రం పెద్దది, ఎం 2కి 1.8.

లేత్_లక్ష్మణ్
మెత్తటి అల్యూమినియానికి బ్రహ్మాండం. పెళుసు ఇత్తడికి, పోత గన్‌మెటల్‌కి వద్దు, అవి సాగవు.

దేశబంధు32
అప్‌డేట్. పటిక పనిచేసింది!! వేసిన కాసేపటికే బుడగలు మొదలయ్యాయి, తర్వాత చాలాసేపు ఏమీ లేదనిపించి విసుగొచ్చింది, సుబ్బు గారు చెప్పినట్టు బురద గీకి మళ్ళీ వేడి చేశా. చివరికి సూదితో కదిపితే ముక్క ముక్కలుగా వచ్చేసింది. గన్‌మెటల్ కాస్త గులాబీ రంగుకి తిరిగింది, మెత్తటి ఊల్‌తో రుద్దితే పోయింది. బోర్ కొలిస్తే మారలేదు. మా ఆవిడ గాజు గిన్నె మాత్రం ఇక వంటింట్లోకి రానివ్వనంది.

గడియారం_సుబ్బు
ఆ గిన్నె ఇక వర్క్‌షాప్‌దే. బ్లాకుని సోడా వేసిన వేడినీళ్ళలో బాగా కడగండి, హోల్స్‌లో పటిక మిగిలితే రేపు పెట్టే స్టీల్ స్క్రూలని కూడా తినడం మొదలెడుతుంది.

రాణీగంజ్_రాజు
సుబ్బన్నా, మాట వాపస్ తీస్కుంటున్న. గుమ్మం కాడిది గూడ తీసి డబ్బాల వెడతా.

పాత_ఫిట్టర్
మిగతా హోల్స్‌ని ముందు 1.3తో విప్పు, ఇప్పటికే 1.2 ఉంది కాబట్టి బిట్ పట్టి లాగుతుంది. బిట్ మూతి అంచుల్ని సాన రాయితో ఒక్కసారి నిలువుగా రాయి, ఆ పదును చదునైతే ఇత్తడిలో లాక్కోదు. సెట్ మొత్తం కొను, విడి ట్యాపు కాదు.

రివెట్_లెక్కలు
అలాగే తలకాయ 2.2 చేసుకోండి.

గేజ్‌వన్_గోపి
వదలరు కదా మీరు.

దేశబంధు32
2.2 హెక్స్ రాడ్ ఎక్కడ దొరుకుతుంది రివెట్ గారూ?

రివెట్_లెక్కలు
దొరకదు. 3 మిల్లీమీటర్ల గుండ్రటి రాడ్ తీసుకుని ఇండెక్సింగ్ పెట్టి ఆరు వైపులా మిల్ చేసుకోవాలి. జిగ్ డ్రాయింగు ఉంది, పంపిస్తా.

బాలానగర్_స్పార్క్
1.3, 1.65 బిట్లు హెచ్‌ఎస్‌ఎస్‌వి ప్యాకెట్ లెక్కన తెప్పిస్తున్నా, ఒక్కొక్కటిగా షాపుల్లో దొరకట్లేదు. కావాల్సినవాళ్ళు సైజు, ఎన్నో చెప్పండి.

హెచ్‌ఓ_హరి
1.8 కూడా ఉంటే నాకు రెండు.

సైకిల్_చైన్
నాకు 1.65వి నాలుగు. పటిక మీరే తెస్తారా, మేమే తెచ్చుకోవాలా?